పాత ట్రాక్టర్‌కు సగం రిపేరు వద్దు

మదనపల్లె టమాటా మార్కెట్‌కు లోడెత్తే పాత ట్రాక్టర్‌కు హైడ్రాలిక్ బ్రేకు అందకపోతే, పుంగనూరులోనైనా కుప్పంలోనైనా తరచూ జరిగేది ఒకటే: కారుతున్న వైపు వీల్ సిలిండర్ వాషర్ మార్చి, ఆయిల్ నింపేయడం. ఇది పొదుపు కాదు. ఒక పక్క రబ్బరు గట్టిపడితే, అదే వయసున్న రెండో పక్కదీ, మాస్టర్ సిలిండర్‌దీ ఎన్నాళ్లుంటాయి? ఒక చక్రం పట్టి రెండోది జారితే బండి పక్కకు లాగుతుంది, వెనక ట్రైలర్ తోసుకొస్తుంది. ఆయిలూ పాతబడుతుంది, డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక 140 దగ్గరే మరగొచ్చు. అందులో ఇంజన్ ఆయిల్ కలిపితే రబ్బరు ఉబ్బి చెడుతుంది.

దుక్కిలో బ్రేకుతో పనేముంది, ఖర్చు దండగ అంటారు. దుక్కి వరకు కొంత నిజమే. కానీ అదే బండి రోడ్డెక్కుతోంది కదా! రబ్బరు కిట్టు ధర టైరు ధర ముందు ఏపాటిది? రెండు పక్కలా మార్పించి, బ్రేకు లైన్లలో గాలి తీయించి, రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ వేశాకే లోడెత్తండి.