క్రొత్త సంవత్సరపు తీర్మానమును శనివారపు రాత్రియు

డిసెంబరు నెల కడపటి రాత్రి తోటలలోని తెలుగు క్రైస్తవ కుటుంబములు గుడిలో కూడి, పండ్రెండు గంటలు కొట్టువరకు పాటలతోను ప్రార్థనలతోను మేలుకొనియుందురు. గంట మ్రోగిన పిమ్మట ఒకరికొకరు శుభములు చెప్పుకొని, మనస్సులో ఏదో యొక తీర్మానము చేసికొని యిండ్లకు పోవుదురు. ఒకడు ఇకమీదట కల్లు ముట్టననుకొనును. ఒకామె ప్రతిదినము వేదము చదువుదుననుకొనును. వేరొకడు ఈ యేడైనను షావుకారు అప్పు తీర్చెదననుకొనును. ఫిబ్రవరి నెల జీతపు దినము వచ్చుసరికి వానిలో ఎన్ని నిలిచియుండునో అందరికిని తెలిసినదే. ఇట్లు రెండు మూడేండ్లు తప్పినవారు కొందరు తీర్మానము చేయుటయే మానివేయుదురు. తప్పుటకంటె మానుట గొప్ప నష్టము.

మెథడిస్టు సంఘములలో ఈ జాగరణ ఆరాధన ఎట్లు పుట్టినదో యెరిగినవారు కొద్దిమంది. అది గొప్పవారి గుళ్లలో పుట్టినది కాదు. ఇంగ్లండులో బ్రిస్టలు పట్టణమునకు సమీపముననున్న కింగ్స్‌వుడ్‌లో, బొగ్గు గనుల కూలీల నడుమ పుట్టినది. ఆ కూలీలు త్రాగుడునకును కొట్లాటలకును పేరుపడినవారు. వారు గుడికి రారు గనుక 1739వ సంవత్సరము ఫిబ్రవరిలో జార్జి విట్‌ఫీల్డు వారియొద్దకే పోయి బయట నిలిచి బోధించెను. బొగ్గుతో నల్లబడిన వారి ముఖములమీద కన్నీరు తెల్లని చారలుగా కారెనని ఆయన వ్రాసియున్నాడు. ఏప్రిల్ నెలలో జాన్ వెస్లీ వచ్చి ఆ పనిని చేపట్టెను.

పూర్వము ఆ కూలీలు శనివారపు రాత్రులు సారాయి అంగడిలో గడపెడివారు. మారుమనస్సు పొందిన పిమ్మట వారిలో కొందరు తమ పిల్లలకై యేర్పడిన బడిలో కూడి, రాత్రి చాలభాగము ప్రార్థనలోను స్తుతిలోను గడపసాగిరి. ఈ సంగతి 1742లో వెస్లీకి తెలిసెను. దీనిని ఆపివేయుడని కొందరు ఆయనకు చెప్పిరి. ఆయన విచారించి, ఇది ఆదిమ క్రైస్తవుల వాడుకను పోలియున్నదని కనుగొని, ఆపుటకు మారుగా నెలకొకసారి అందరును చేయునట్లు ఏర్పరచెను. దానికై పున్నమికి దగ్గరనున్న శుక్రవారమును నియమించెను. వచ్చువారికిని పోవువారికిని వెన్నెల యుండవలెనని ఆయన తలంపు. దూరపు లైనులనుండి చీకటిలో పిల్లలనెత్తుకొని గుడికి నడచిన తల్లులకు ఈ చిన్న యేర్పాటు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ గని కూలీలు చేసినదానిని కొంచెము ఆలోచింపవలెను. వారు "ఇక త్రాగము" అని మాత్రము పలికి ఊరకుండలేదు. ఏ రాత్రి, ఏ గడియలయందు త్రాగుచుండిరో ఆ గడియలయందే వేరొక పనిని పెట్టుకొనిరి. ఊడ్చి ఖాళీగానుంచిన యింటికి దయ్యము ఏడుగురిని వెంటబెట్టుకొని తిరిగివచ్చిన సంగతి ప్రభువు చెప్పియున్నాడు. జీతము చేతికి వచ్చిన సాయంకాలము ఎక్కడ కూర్చుండవలెనో ముందుగా నిశ్చయించుకొనని మనుష్యుడు కల్లు దుకాణమునకే పోవును. అతని మనస్సు చెడ్డదైయుండనక్కరలేదు; కాళ్లకు అలవాటైన త్రోవ అది యొకటియే.

ఇంకొక సంగతియు ఆ బ్రిస్టలులోనే జరిగినది. అక్కడి ఆరాధన మందిరము కట్టినందువలన అప్పు మిగిలియుండెను. 1742 ఫిబ్రవరిలో ఆ అప్పు తీర్చుటనుగూర్చి మాటలాడుచుండగా, ఫాయ్ అను ఓడ కప్తాను, ఒక్కొక్కరు వారమునకు ఒక పెన్నీ యిత్తురు గాక అనెను. చాలమంది అంత యియ్యలేని బీదలని మరియొకరు చెప్పిరి. అట్లయిన మిక్కిలి బీదలైన పదునొకండుగురిని తనకప్పగింపుడనియు, వారియ్యలేనిది తానే యిత్తుననియు కప్తాను బదులు చెప్పెను. ఇట్లు పండ్రెండుగురేసి యొక తరగతియై, ఒక నాయకుడు వారము వారము ఇంటింటికి పోసాగెను. పెన్నీలకై పోయిన నాయకులు, ఫలానివాడు తగినట్లు నడుచుకొనుట లేదని తెలిసికొని వచ్చి చెప్పిరి. తాను బహుకాలముగా వెదకుచున్నది ఇదియేయని వెస్లీ గ్రహించెను. అప్పు కొరకు మొదలైన తరగతి ఆత్మలను విచారించు తరగతియాయెను.

మరుసటి సంవత్సరము, 1743 మార్చిలో, ఆయన న్యూకాసిల్ సంఘమును పరీక్షించి, వెలివేయబడిన 64 మంది లెక్కను తన దినచర్యలో వ్రాసికొనెను. త్రాగుడు నిమిత్తము 17గురు. భార్యను కొట్టినందుకు ఒక్కడు. (పట్టుబడినవాడొక్కడే కాబోలు.) అన్నిటికంటె పెద్ద లెక్క 29, అది దొంగతనమునకును కాదు, త్రాగుడునకును కాదు, అజాగ్రత్తకును చపలచిత్తమునకును. ఈ లెక్కను తోటలలోని సంఘములు మరల మరల చదువవలెను. త్రాగుబోతును వేలు పెట్టి చూపుట సులభము. ప్రార్థన నేడు కాదు రేపనుచు, పిల్లవాని బడి ఈ వారము కాదు వచ్చే వారమనుచు ఏడాదిని జారవిడుచువానిని ఎవరును వేలు పెట్టి చూపరు.

ఆ యేడే వెలువడిన సంఘ నియమములలో, తీర్చు మార్గము కనబడక అప్పు చేయరాదనియు, వెల చెల్లింపజాలని సరకు తీసికొనరాదనియు ఉన్నది. ఆ నియమము బీదలను నిందించుటకై పుట్టినది కాదు. ఎవడు తప్పినను వెంటనే వెలివేయక, మొదట బుద్ధి చెప్పి కొంతకాలము సహింపవలెనని ఆ నియమములే చెప్పుచున్నవి.

ఇక నిబంధన ఆరాధన సంగతి. 1755 ఆగస్టు 11వ తేది సాయంకాలము ఆరు గంటలకు లండనులోని స్పిటల్‌ఫీల్డ్సు ఫ్రెంచి గుడిలో వెస్లీ, రిచర్డు అలీన్ అను పూర్వపు భక్తుని మాటలతో, దేవునితో చేయవలసిన నిబంధనను వినిపించెను. సమ్మతికి గురుతుగా ఇంచుమించు 1800 మంది లేచి నిలిచిరి. కాలక్రమమున ఈ ఆరాధన సంవత్సరారంభమున జరుగుట వాడుకయాయెను. నేటికిని బ్రిటనులోని మెథడిస్టు గుళ్లలో అనేకములయందు అట్లే జరుగుచున్నది. మెదకు ప్రాంతపు తెలుగు సంఘములను నాటిన మిషనరీలు ఈ సంఘమువారే. ఆ సంఘములు 1947లో దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. షెకెములో యెహోషువ జనులచేత ప్రమాణము చేయించి సాక్షిగా రాయి నిలిపినట్లే, ఇచ్చటను ఒకని మాటకు పలువురు సాక్షులు.

దేవుని చిత్తమునకు లోబడుదుమను నిబంధనను, అన్యాయమునకు లోబడుమను మాటగా కొందరు యజమానులు వినవచ్చును. అది తప్పు. ఇంగ్లండులోనే డార్సెట్ సీమయందు టోల్‌పడిల్ గ్రామపు పొలము కూలీలకు వారపు కూలి 7 షిల్లింగులకు తగ్గి, 6 కాబోవుచుండగా, వారు కూడి ప్రమాణము చేసి సంఘముగా ఏర్పడిరి. ఆ ప్రమాణమే నేరముగా చేసి 1834లో ఆరుగురిని ఏడేండ్ల శిక్షకై ఆస్ట్రేలియా దేశమునకు పంపిరి. వారిలో అయిదుగురు మెథడిస్టులు. వారి నాయకుడు జార్జి లవ్‌లెస్ బోధకుడు. 1836లో వారికి క్షమాపణ కలిగెను. దేవునియెదుట నిలిచి మాట యిచ్చినవాడు న్యాయమైన కూలి అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

కాబట్టి ఈ జనవరిలో ఒక కుటుంబము చేసికొను తీర్మానము ఎట్లుండవలెను? జక్కయ్య మంచివాడనగుదునని చెప్పలేదు. ఆస్తిలో సగము, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు అని లెక్క చెప్పెను. అట్లే, "ప్రార్థనలో ఎదుగుదుము" అనుటకంటె, "దీపము పెట్టగానే అందరము కూర్చుండి ఒక అధ్యాయము చదివి ప్రార్థింతుము" అనుట మేలు. "అప్పు తీర్చెదము" అనుటకంటె, జీతపు దినమున అంగడికి పోకముందే ఇంత సొమ్ము భార్యచేతికిచ్చుట మేలు. చదువురాని తల్లి, బడికి పోవు కొమార్తెచేత చదివించుకొని వినవచ్చును. దానివలన ఇద్దరికిని లాభము. ఇట్టివి పది పెట్టుకొనవద్దు. ఒకటి చాలును, రెండు మిక్కిలి.

పిమ్మట ఆ యొక్కదానిని లైనులోనే మరి రెండు మూడు కుటుంబములకు చెప్పవలెను. ఇక్కడనే చాలమందికి మనస్సు వెనుకాడును. తప్పినయెడల నవ్వుదురని భయము. ఆ భయము అబద్ధము కాదు, నవ్వువారు ఉందురు. అందుచేత వినువారిని ఎంచుకొనుటలో జాగ్రత్త కావలెను: ఇతరుల మాటను నీళ్ల కుళాయియొద్ద చెప్పనివారిని, తమ తీర్మానమును తామును చెప్పువారిని ఎంచుకొనవలెను. వారు ప్రతి ఆదివారము గుడినుండి వచ్చునప్పుడు, "అన్నా, ఈ వారము ఎట్లు గడచినది?" అని యడుగవలెను. తప్పినానని చెప్పిన అన్నకు ఉపన్యాసము అక్కరలేదు. వచ్చే జీతపు శనివారము పని దిగు వేళకు ఒకడు అతని గుమ్మమునకు పోయి, "అన్నా, రా, మా యింట గంజి త్రాగి పాట పాడుకొందము" అని పిలిచి, దుకాణము మూయువరకు అతనితో కూర్చుండవలెను.