కనిపిస్తుంది, వెదికితే దొరకదు: కంప్యూటర్లలో భారతీయ భాషల తీరు

తెలుగు, తమిళం, బంగ్లా, ఉర్దూ వంటి భాషలను కంప్యూటర్‌లో చదవడానికి, రాయడానికి ఇప్పుడు విడిగా ఏ సాఫ్ట్‌వేర్‌నూ కొనవలసిన పని లేదు. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ అవసరమైన ఫాంట్లు, కీబోర్డులు ఉచితంగానే లభిస్తున్నాయి. సెట్టింగ్స్‌లో భాషను చేర్చుకుంటే చాలు. విండోస్‌లోనైతే విండోస్ మీటను, స్పేస్‌బార్‌ను కలిపి నొక్కగానే ఒక భాష నుంచి మరో భాషకు మారవచ్చు. ఇంత తేలికైన పని దేశంలోని అనేక కార్యాలయాల్లో, ముద్రణ కేంద్రాల్లో ఇప్పటికీ అలవాటుగా స్థిరపడలేదు. దాని మూల్యం చెల్లిస్తున్నది పత్రం కోసం వెదికే పౌరుడు.

ఈ పరిస్థితికి మూలాలు డీటీపీ తొలి రోజుల్లో ఉన్నాయి. అప్పటి యంత్రాలకు తెలిసినవి రోమన్ అక్షరాలే. అందుచేత ఫాంట్ల తయారీదారులు రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాలను, తలకట్లను, వత్తులను ముక్కలుగా అమర్చారు. తెర మీద తెలుగు కనిపించేది. యంత్రం లోపల ఉన్నది మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. పైగా ఒక్కో సంస్థది ఒక్కో అమరిక. కాగితం మీద అచ్చు వేయడమే లక్ష్యమైనంత కాలం ఇది లోపంగా తోచలేదు. అదే ఫైలు ఇంటర్నెట్‌లోకి వచ్చాక అసలు చిక్కు బయటపడింది. అందులోని మాటను వెదకలేరు, అనువాద యంత్రం చదవలేదు, అంధులకు పాఠం వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది అందదు.

1991లో తొలి రూపం వెలువడిన యూనికోడ్ ఈ చిక్కుకు పరిష్కారం చూపింది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్యను కేటాయించింది. తెలుగుకు 128 స్థానాల పట్టిక దక్కింది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం యంత్రం దృష్టిలో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిని కలిపి వత్తులతో సహా చూపడం ఫాంటు, దానికి తోడుండే అక్షర కూర్పు వ్యవస్థ చేసే పని. ఆ కూర్పు లేని చోట చుక్కల వలయాలు, విడిపోయిన వత్తులు కనిపిస్తాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ ఫాంటు ఉన్నప్పటికీ, సంక్లిష్ట లిపులకు సంబంధించిన ఐచ్ఛికాన్ని వినియోగదారుడే ఎంచుకుని, సీడీ పెట్టి అదనపు ఫైళ్లను ఎక్కించుకోవలసి వచ్చేది. కంప్యూటర్‌కు తెలుగు సరిగా రాదన్న అభిప్రాయం ఆనాడు ఏర్పడింది. సీడీలు పోయాయి గానీ, ఆ అభిప్రాయం పూర్తిగా పోలేదు.

కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని చూపబోయి ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సవరణ విడుదల చేసింది. అటువంటి లోపాలు ఇప్పుడు అరుదు. చూపడమనే సమస్య దాదాపు తీరిపోయింది. తీరనిది టైపు చేయడం.

కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును రూపొందించింది. హల్లులు కుడిచేతికి, అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి వచ్చేలా అమర్చారు. తెలుగులో ‘క’ ఉన్న మీట మీదే హిందీ, కన్నడం, బంగ్లాల్లోనూ ‘క’ ఉంటుంది. ఒక భాషలో నేర్చుకున్నవారు మరో భాషలో మళ్లీ మొదటి నుంచి సాధన చేయనవసరం లేదు. బహుభాషా దేశానికి ఇంతకంటే తగిన ఏర్పాటు దొరకడం కష్టం. అయితే దాన్ని విస్తృతంగా నేర్పే బాధ్యతను ఎవరూ తీసుకోలేదు. డీటీపీ నిపుణులు ఆపిల్, మాడ్యులర్ అమరికలకు అలవాటుపడ్డారు. సామాన్యులు రోమన్ అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకునే లేఖిని వంటి ఉపకరణాలను ఆశ్రయించారు. విండోస్ కూడా 2019లో తెలుగు సహా పది భారతీయ భాషలకు ఇటువంటి ధ్వన్యాత్మక కీబోర్డులను చేర్చింది. లక్షలాది మందిని తెలుగు రాతలోకి తెచ్చిన ఘనత ఈ పద్ధతిదే. కాకపోతే ‘న’, ‘ణ’ల మధ్య, ‘ల’, ‘ళ’ల మధ్య తేడాను రోమన్ పెద్దక్షరాల ద్వారా గుర్తుపెట్టుకోవడం మాతృభాషకు చుట్టుదారి.

ప్రమాణాలు లేక ఈ పరిస్థితి వచ్చిందనడానికి వీల్లేదు. ఈ-పాలనలో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లోనే ప్రకటించింది. 2016లో మొబైల్ ఫోన్ల వంతు వచ్చింది. దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లో 22 భాషలూ చదవగలగాలి; ఇంగ్లిష్, హిందీలతో పాటు కనీసం మరొక భాషలో టైపు చేసే వీలుండాలి. రెండో ఆదేశం ఫలించింది, ఎందుకంటే ప్రమాణం పాటించని ఫోన్‌ను అమ్మడానికి వీల్లేదు. కార్యాలయాలకు అటువంటి నిర్బంధం లేదు. పాత ఫాంటులో టైపు చేసిన ఉత్తర్వును ముద్రించి, స్కాన్ చేసి, బొమ్మగా వెబ్‌సైట్‌లో ఉంచినా ప్రశ్నించేవారుండరు. కంప్యూటర్‌లో పుట్టిన పాఠాన్నే తిరిగి కంప్యూటర్ చేత చదివించడానికి అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్ వెదుక్కోవడం విడ్డూరమే.

మయన్మార్ అనుభవం ఇక్కడ గమనార్హం. అక్కడా ‘జాజీ’ అనే ప్రమాణేతర ఫాంటు దేశమంతటా పాతుకుపోయింది. 2019 అక్టోబర్ 1ని యూనికోడ్‌కు మారే తేదీగా ఆ దేశం నిర్ణయించుకుంది. బంగ్లాదేశ్‌లో 1988 నాటి ‘బిజయ్’ కీబోర్డు రాజ్యమేలుతుండగా, 2003లో ఉచితంగా వచ్చిన ‘అభ్ర’ యూనికోడ్ బంగ్లాను ఇంటింటికీ చేర్చింది. దాన్ని రూపొందించిన బృందానికి 2025లో ఏకుశే పదక్ లభించింది.

అందమైన ఫాంట్లు లేవన్న ముద్రణరంగపు వాదనకు తెలుగులో ఒకప్పుడు బలం ఉండేది. సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి వంటివి ఉచితంగా వచ్చాక అది పలచబడింది. అసలు అడ్డంకి పేజ్‌మేకర్. అడోబ్ ఎప్పుడో వదిలేసిన ఆ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు, చిన్న ముద్రణాలయాలకు దాన్ని వదలడం ఖర్చుతో కూడిన పని.

యూనికోడ్‌లోనూ జాగ్రత్త అవసరమే. ‘రాజ్‌కుమార్’ అన్న పేరులో ‘జ్’ తరువాత కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది. అది లేకపోతే అదే పేరు ‘రాజ్కుమార్’గా మారుతుంది. ఈ తేడాను సరిచూసుకునేలా రూపొందించని జాబితాలో ఒక రూపంతో వెదికితే రెండోది దొరకదు. ఓటరు జాబితాలోనో, భూమి రికార్డులోనో ఇది చిన్న విషయం కాదు.

2022లో ప్రారంభమైన భాషిణి వంటి అనువాద వేదికలకు కావలసిన ముడిసరుకు యూనికోడ్ పాఠమే. పాత ఫైళ్లను మార్చే ఉపకరణాలు ఉన్నా వత్తుల దగ్గర, క్రారావడి దగ్గర తడబడతాయి. చదివి సరిదిద్దే మనిషి తప్పనిసరి. ఏ ఫాంటులో ఏ ముక్క ఏ స్థానంలో ఉందో ఎరిగిన తొలితరం డీటీపీ ఆపరేటర్లు ఒక్కొక్కరుగా వృత్తి నుంచి తప్పుకుంటున్నారు. ఆ పని మొదలుపెట్టడానికి వారు అందుబాటులో ఉన్న ఈ కొద్ది సంవత్సరాలే గడువు.