తిరగవేసి చూపాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలోని చిరువ్యాపారులకు నేడు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లు స్వల్పవ్యయంతో కూడిన చాటింపుగా ఉపకరిస్తున్నాయి. ఇది హర్షణీయమే. కానీ అంగడిలో కొనేవారు సరుకును తాకి చూస్తారు. సెల్‌ఫోనులో బొమ్మను మాత్రమే చూస్తారు.

2016కు పూర్వం ఈ పట్టణాలతోపాటు ఒకే నల్లగొండ జిల్లాలో ఉన్న పోచంపల్లి ఇందుకు నిదర్శనం. అక్కడి ఇక్కత్ నేతలో నూలుకు ముందే రంగులద్దుతారు. అందువలన వస్త్రానికి ఇరువైపులా చిత్రణ కనిపిస్తుంది. అచ్చువేసిన చౌక నకలు వెనుకవైపు వెలవెలబోతుంది. ఛాయాచిత్రంలో మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. ఆ భేదం మరుగునపడితే నష్టపోయేది నేతకారుడే.

కనుక ప్రచారమంటే పొగడ్త కాదు. బట్టను తిరగవేసి చూపాలి. నేసిన తీరును, ధరను, కొలతలను దాచక తెలపాలి. పచ్చళ్లకైనా, బియ్యానికైనా ఇదే నీతి. చాటింపు కొనేవారిని ఒకసారి రప్పిస్తుంది. మరల రప్పించేది నమ్మకమే.