కష్టం కాదు, ఇఖ్తియార్ కావాలి

పోకెమాన్ పిల్లలాట, ఆసాన్‌గానే ఉండాలి అంటారు కంపెనీ తరఫు వకీళ్లు. ఉండనీయండి జనాబ్. మా సోమందేపల్లి పిల్లోడు మొదటిసారి ఆడితే గెలవనీయండి. ముష్కిల్ కోరుకునేవాడి హక్కు ఎందుకు లాక్కుంటారు?

జట్టు మొత్తానికీ అనుభవం పంచే ఎక్స్‌పీ షేర్‌ను 2013 నాటి ఎక్స్, వై ఆటల్లో ఆపుకోవచ్చు. 2019లో స్వోర్డ్, షీల్డ్ వచ్చేసరికి ఆ స్విచ్ గాయబ్. 2022లో స్కార్లెట్, వయొలెట్ 'సెట్' పద్ధతినీ మింగేశాయి. 2012 తమాషా ఇంకా గొప్పది. బ్లాక్ 2లో కష్టం మోడ్, వైట్ 2లో సులువు మోడ్. రెండింటి తాళంచెవులూ ఛాంపియన్‌ను ఓడించాకే! గెలిచినోడికి ఆసానీ దేనికి మియా?

'కష్టం కావాలంటే నువ్వే షరతులు పెట్టుకో' అంటారు. 2010 నుంచీ నజ్‌లాక్ పేరుతో పెట్టుకుంటూనే ఉన్నారు. కానీ ఎదుటివాడికి అఖల్ పెంచడం ఆటగాడి చేతిలో ఉందా?

అభిమానులు చేసిన అన్‌బౌండ్ మాత్రం ఎంత ముష్కిల్ కావాలో అడుగుతుంది, మామూలుగా ఆడతానన్నా సరేనంటుంది. హక్కులు కంపెనీవే, కాదనను. తొమ్మిదేళ్ల మెహనత్‌తో 2016లో వచ్చిన యురేనియం లింకులను రోజుల్లోనే నోటీసులతో తీయించారు. దానికి ఫుర్సత్ దొరికింది, ఒక్క స్విచ్ పెట్టడానికి దొరకలేదు.