చేతిలో విద్య.. చేసేది మట్టిపని

ప్యాపిలి: రాయిని చూడగానే అది ఎటు పగులుతుందో చెప్పగల వ్యక్తి చేతికి పార ఇస్తున్నారు. పదో తరగతి చదివి లెక్క తెలిసిన మహిళ తలపై మట్టి గంప పెడుతున్నారు. రెండు దశాబ్దాల ఉపాధి హామీలో పని అడిగిన కూలీ ఏం చేయగలడన్న ప్రశ్నకు తగిన చోటు దక్కలేదు. వానపైనే ఆధారపడిన ప్యాపిలి వంటి మండలాలకు ఇది తీరని నష్టం.

చట్టంలోనే మూలం

పొరుగున ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం ప్రారంభమైంది. 2005 నాటి చట్టం కుటుంబానికి ఏటా 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. నైపుణ్యం, ప్రత్యేక శిక్షణ లేకుండా వయోజనులెవరైనా చేయగల శారీరక శ్రమ అని ఆ పనిని నిర్వచించింది. కరవులో ఎవరినీ వెనక్కి పంపరాదన్న సదుద్దేశం ఇందులో ఉంది. వృద్ధులకు, ఒంటరి మహిళలకు అది రక్షణగా నిలిచింది. పని తెలిసిన వారికి అదే హద్దయింది.

పద్దుల లెక్క కూడా ఇందుకు తోడైంది. వ్యయంలో కనీసం 60 శాతం నైపుణ్యం అవసరం లేని కూలికే వెచ్చించాలన్నది నిబంధన. మేస్త్రీల వేతనాన్ని సిమెంటు, ఇనుముతో పాటు సామగ్రి పద్దులో చేర్చారు. కూలి పూర్తిగా కేంద్రమే భరించగా, సామగ్రిలో పావు వంతు రాష్ట్రంపై పడింది. దీంతో నైపుణ్యం అదనపు ఖర్చుగా, మట్టి తవ్వకం సులువైన మార్గంగా మారాయి.

కొలత తెలియక కోత

2025-26లో రాష్ట్రానికి ప్రకటించిన రోజు కూలి రూ.307. అయితే చేతికందేది కొలతను బట్టే. గట్టి నేలను మెత్తని నేలగా నమోదు చేస్తే ఎంత కష్టపడినా కూలి తగ్గుతుంది. లెక్క తెలిసిన మనిషి జట్టులోనే ఉన్నా, కొలిచే బాధ్యత లేకపోతే ఆ తేడా అడిగేవారుండరు.

కూలీల కుటుంబాల నుంచే యువతను ఎంపిక చేసి పనుల గుర్తింపు, అంచనాలు, కొలతల్లో 90 రోజుల శిక్షణ ఇచ్చే ఏర్పాటు 2015లో కేంద్రం చేసింది. 2019లో వచ్చిన ఉన్నతి పథకం 100 రోజులు పూర్తి చేసిన కుటుంబాల వారికి వృత్తి శిక్షణ ఇచ్చింది. ఇవి మంచి ప్రయత్నాలే. అయితే కొందరిని పైకి తెచ్చాయే తప్ప, మిగిలిన వారి పని తీరు మారలేదు.

పనిని మలిస్తే..

నంద్యాల జిల్లాకు రాతి పనితనం కొత్త కాదు. బేతంచెర్ల నాపరాళ్లకు, ఆళ్లగడ్డ శిల్పాలకు పేరుంది. వాగులపై రాతి కట్టలకు, ఊట కుంటల గట్టుకు రాళ్లు పేర్చడానికి కావలసింది ఆ పనితనమే. వాన నీరు ఎటు పారుతుందో గొర్రెల కాపరికి తెలుసు. ముగ్గు పోసి హద్దులు గీయడం, కొలవడం, నమోదు చేయడం చదివిన మహిళలు చేయగలరు. ఒక కుంట పనిని జట్టుకే అప్పగించి, ఎవరికి తగిన బాధ్యత వారికిస్తే తవ్వేవారు కొలవడమూ నేర్చుకుంటారు. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 125కు పెంచింది. నైపుణ్యం అవసరం లేని శ్రమ అన్న మాట మాత్రం అందులోనూ ఉంది. పనులకు పంచాయతీ ప్రణాళికలే ఆధారమన్నది ఆశ కలిగించే అంశం. ఊరి పనుల జాబితాతో పాటు ఊరివారి పనితనాల జాబితానూ గ్రామసభలో రాయించాలి. నైపుణ్యం పేరుతో బలహీనులను పక్కకు నెట్టకుండానే ఇది జరగాలి.

ప్యాపిలి మీదుగా హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి వెళుతోంది. తన విద్యకు ఊళ్లో విలువ దక్కని మనిషికి ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వారిని నిలుపుకోవాలంటే రోజులు పెంచితే చాలదు, పనినీ మార్చాలి.