తెల్లగా ఉంటే శుద్ధమైనట్టేనా?

మునిర్కాకు దగ్గర్లోని ఐఐటీ ఢిల్లీ అయినా, మన ఊరి డిగ్రీ కాలేజీ అయినా, కర్బన రసాయన ల్యాబులో తొలి పాఠాల్లో ఒకటి శుద్ధి చేయడం. బెంజోయిక్ ఆమ్లాన్ని వేడి నీటిలో కరిగించి, వేడిగానే వడగట్టి చల్లారిస్తే స్ఫటికాలు వస్తాయి. కరిగిన మలినాలు చాలావరకు నీటిలోనే ఉండిపోతాయి. తెల్లని స్ఫటికాలు చూసి శుద్ధమనుకోలేం. శుద్ధమైనది 122 డిగ్రీల దగ్గర చటుక్కున కరుగుతుంది. మలినముంటే అంతకన్నా ముందే, మెల్లగా కరుగుతుంది.

122 అని ముందే తెలిస్తే, 117 వచ్చినా రికార్డులో 122 అని రాసే ప్రలోభం తప్పదు. రేపు మందుల ఫ్యాక్టరీలో అదే అలవాటు రోగికి ప్రమాదం. అందుకే పేరు చెప్పని మిశ్రమం ఇవ్వాలి. 117 అని నిజం రాసినవారికి మార్కులు, మళ్లీ శుద్ధి చేయడానికి సమయం ఇవ్వాలి. వాల్తేరులో, తర్వాత ఢిల్లీలో మొక్కల రంగు పదార్థాలను వేరుచేసిన టి.ఆర్. శేషాద్రికి జవాబు ముందుగా ఎవరు చెప్పారు?