సరిహద్దు కబుర్లు: మేనమామ కరువు

మొన్న మా ఆఫీసు మిత్రుని కూతురి పెండ్లికి వెళ్ళాను. "పెండ్లికూతురును తీసుకురావాలి, మేనమామ గారిని పిలవండి" అన్నారు పురోహితులు. ఎవరూ కదలలేదు. పెండ్లికూతురి తల్లి వాళ్ళ అమ్మానాయనలకు ఒక్కతే సంతానం. చివరకు పక్కింటి కన్నడం ఆయన, ఆమెను చిన్ననాటి నుంచి అక్కా అని పిలుస్తున్నవాడు, "నానే సోదరమావ" అంటూ లేచాడు. అందరం నవ్వాము. తల్లి మాత్రం కండ్లు తుడుచుకున్నది.

జనాభా సమస్య అనగానే మనకు తోచేది రద్దీ. అది అబద్ధం కాదు. 1901లో మన బళ్ళారి పట్టణంలో సుమారు 58 వేలమంది ఉండిరి. 2011 నాటికి 4 లక్షలు దాటారు. ఊరి హద్దులు పెరిగినమాట నిజమే గాని, మనుషులూ పెరిగారు గదా! అటు తుంగభద్ర చూడండి. 1953లో నీళ్ళు వదిలిన ఆ జలాశయం మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు సుమారు 105కు దిగింది. త్రాగే నోళ్ళు పెరిగాయి, కుండ చిన్నదైంది.

అయితే ఊరు పెరుగుతూ ఉంటే ఇండ్లు ఎందుకు పలచబడుతున్నాయి?

మా జేజి తొమ్మిదిమందిని కన్నది. దక్కినవారు నలుగురే. ఆ కాలంలో పిల్లలను ఎక్కువగా కనడం అజ్ఞానం కాదు, భయం. 1876-78 నాటి ధాత కరువులో మన జిల్లా జనంలో దాదాపు ఐదింట ఒక వంతు తగ్గిపోయినట్లు 1871, 1881 జనాభా లెక్కలు చూపుతాయి. కరువులు తగ్గి, టీకాలు, మందులు వచ్చాక పిల్లలు దక్కసాగారు. మరణాలు ముందుగా తగ్గాయి, కాన్పులు తగ్గడానికి మరి రెండు తరాలు పట్టింది. ఆ నడుమ పుట్టినదే మన రద్దీ.

1952లో దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అటు ఆంధ్రలో, ఇటు కర్ణాటకలో ఒక తల్లికి సగటున 1.7 మంది పిల్లలు. ఒక తరం స్థానంలో మరొక తరం నిలవాలంటే 2.1 కావాలి. అయినా నిన్నటి పిల్లలు నేటి తల్లిదండ్రులు గనుక, పనికోసం వచ్చేవారు తోడవుతారు గనుక, ఊరు పెరుగుతూనే ఉంటుంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలువరాదని 1994లో శాసనం చేసిన ఆంధ్రప్రదేశే 2024లో దానిని రద్దు చేసింది. నిన్న ఎక్కువ కన్నారని తల్లులను తిట్టాము, నేడు తక్కువ కన్నారని తిట్టడానికి సిద్ధపడుతున్నాము. రెండూ తగవు.

నాకూ ఒక్కతే కూతురు. జేజి మంచాన పడినప్పుడు నలుగురు బిడ్డలు వంతులు వేసుకున్నారు. రేపు నేనూ నా భార్యా మంచాన పడితే ఆ పిల్ల ఒక్కతే ఎన్ని వంతులు వేసుకోగలదు? పైగా దాని అత్తమామల బాధ్యత ఉండనే ఉంటుంది. ఈ లెక్క నాకు రాత్రిళ్ళు తెమలడం లేదు.

2021లో జరగవలసిన జనగణన 2027కు పడింది. అందులో ఇంట్లో ఎందరున్నారో వ్రాసుకుంటారు. ఎవరు ఎవరిని చూస్తారన్న కాలము ఏ రిజిస్టరులోనూ ఉండదు. అది మనమే వ్రాసుకోవాలి. మన సంఘంలో ఒంటరిగా ఉన్న పెద్దల పట్టీ ఒకటి తయారుచేసి, ఆదివారానికి ఒక్క ఇంటికైనా వెళ్ళి రాగలమా? మందులు తెచ్చిపెట్టడం, ఆసుపత్రికి తోడు పోవడం చాలు. పట్టీ వ్రాసే పని నాకు అప్పగించండి, గుమాస్తా పని నాకు అలవాటే.

మేనమామ లేని పెండ్లికి పక్కింటాయన మేనమామ అయ్యాడు. ఇక మీదట చుట్టరికాలు పుట్టుకతో రానప్పుడు, పూనుకుని కలుపుకోవలసిందే.